తాళం పిన్ని

మూడోసారి కూడా ఎవరూ ఎత్తలేదు. అవతల గంట మోగి మోగి దానంతటదే ఆగిపోయేదాకా ఆమె ఓపిగ్గా విన్నది. తర్వాత తెర మీద ఆ పూలకొట్టు పేరు పక్కనున్న గడిలో టిక్కు పెట్టింది. "శాశ్వతంగా మూసివేయబడింది" అన్న ఎర్రటి అక్షరాలు వచ్చాయి. సోమవారం ఒక ఫోను, బుధవారం ఒక ఫోను, ఇవాళ ఒకటి. మూడు రోజుల్లో మూడు ఫోన్లూ ఎత్తకపోతే కొట్టు లేనట్టే. ఆ ఆఫీసు పద్ధతి అది. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న పనీ అదే.

అందుకే ఆఫీసులో అందరూ ఆమెను తాళం పిన్ని అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, సన్నటి జడ, దగ్గరి చూపుకొక కళ్ళజోడు, దూరానికొక కళ్ళజోడు. రెండూ మెడలో గొలుసులకు వేలాడుతుంటాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె కడుపున పుట్టాల్సిన వయసు వాళ్ళు. పిన్నీ అని పిలవడమే వాళ్ళ మంచితనం, తాళం అన్నది వాళ్ళ తుంటరితనం.

ఎవరైనా తమ ఫోనులో "దగ్గర్లో పూలకొట్టు" అని వెతికితే పేర్లు వరసగా వస్తాయి కదా. ఆ పేర్లు ఆకాశంలోంచి ఊడిపడవు. కొన్ని పురపాలక సంఘం లైసెన్సు పుస్తకాల్లోంచి వస్తాయి, కొన్ని పాత టెలిఫోను డైరెక్టరీల్లోంచి. కొన్ని కొట్టువాళ్ళే పంపుకుంటారు. నెత్తిన కెమెరా పెట్టుకుని వీధి వీధీ తిరిగే కార్లు బోర్డుల ఫోటోలు తీసుకొస్తాయి. ఇంతలో ఎవడో దారిన పోయేవాడు "ఇక్కడ ఆ కొట్టు లేదు" అని ఫోనులోనే రాసి పారేస్తాడు. ఇన్ని చోట్ల నుంచి వచ్చిన కలగాపులగాన్ని యంత్రం ఒక కుప్ప పోస్తుంది. ఆ కుప్పలో ఏది ఉంది, ఏది లేదు, ఏది రెండుసార్లు పడింది అని చూసేందుకు మనుషులు కావాలి. అలాంటి మనుషులు ఆ రెండో అంతస్తులో నలభై మంది. పిన్ని సీటు కిటికీకి దూరంగా, ప్రింటరు పక్కన.

దీనికి ముందు ఆమె ఇరవై ఏళ్ళు టెలిఫోను డైరెక్టరీ అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. అప్పట్లో ఇంత తలనొప్పి లేదు. అకారాది క్రమం, అంతే. ముందు రావాలనుకున్న ఒక ప్లంబరు తన కొట్టుకు "అఅఅ ప్లంబింగు" అని పేరు పెట్టుకుంటే, మరుసటి ఏడు ఇంకొకడు నాలుగు అలు పెట్టుకుని వచ్చాడు. ఆ సంగతి చెప్పి ఆమె ఇప్పటికీ నవ్వుతుంది. ఇప్పుడు వరస అలా కాదు. వెతికే మనిషికి కొట్టు ఎంత దగ్గర, అడిగిన మాటకు ఎంత సరిపోతుంది, దాని గురించి ఎంతమంది ఏం రాశారు, కొట్టువాడు ఫోటోలు పెడుతున్నాడా, ఫోనుకు పలుకుతున్నాడా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటి అయిదింట్లో ఉన్నవాడికి ఊపిరాడదు. ముప్పయ్యో చోట ఉన్నవాడు ఈగలు తోలుకుంటాడు. మూసేసినట్టు చూపించినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పదిన్నరకు ఆ ఫిర్యాదు తెర మీదికి వచ్చింది.

"మా నాన్న కుట్టుమిషన్ల రిపేరు కొట్టు నాలుగు నెలలుగా మూసేసినట్టు చూపిస్తున్నారు. కొట్టు రోజూ తీస్తూనే ఉన్నాం. మూడుసార్లు రాశాం, ఎవరూ పట్టించుకోలేదు. ఇది నాలుగోసారి. ఈ నెలాఖరుకి మా నాన్న నిజంగానే మూసేస్తానంటున్నారు. అప్పుడు మీరు చూపించేది నిజమే అవుతుంది, మీకింక ఏ ఇబ్బందీ ఉండదు. — ఆయన కూతురు."

పిల్లకు నోరుందే అనుకుంటూ పిన్ని పాత చరిత్ర తెరిచింది. మొదటి మూడు ఫిర్యాదులూ "అలాంటి కొట్టు దొరకలేదు" అని తిరిగిపోయాయి. ఎందుకు దొరకలేదా అని ఇంకా వెనక్కి వెళ్ళింది. ఆరు నెలల కింద ఈ రిపేరు కొట్టునూ, అదే ఇంటి నంబరులో ఉన్న కొత్త మిషన్లు అమ్మే కొట్టునూ ఒకటేనని ఎవరో కలిపేశారు. ఇంటి నంబరు ఒకటి, ఫోను నంబరు ఒకటి, రెండూ కుట్టుమిషన్లే. కలపడంలో వింతేమీ లేదు, రోజుకు ఇలాంటివి పాతిక కలుపుతారు. రెండు నెలల తర్వాత ఎవరో "యజమాని చనిపోయాడు" అని రాశారు. మూడు రోజుల్లో మూడు ఫోన్లు చేశారు. ఎవరూ ఎత్తలేదు. అమ్మే కొట్టు మూతపడింది, దాని కడుపులో ఉన్న రిపేరు కొట్టూ దానితోపాటే పోయింది.

కలిపినవారు: పరిశీలకులు 41. మూసినవారు: పరిశీలకులు 41.

నలభై ఒకటి తనే. దగ్గరి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. అంకె మారలేదు.

ఆ ఆఫీసులో మార్కులుంటాయి. వందకు తొంభై అయిదు దాటి ఉండాలి. ఈ ఏడాది ఆమెకు రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. పొద్దున చూసుకున్నప్పుడు తొంభై అయిదు పాయింటు సున్నా రెండు దగ్గర, గోడ అంచున నిలబెట్టిన గ్లాసులా ఉంది. కలిపింది విడదీస్తే అది "పెద్ద తప్పు" కింద పడుతుంది. అర మార్కు పోతుంది. గీత దిగినవాళ్ళను ఆ సాయంత్రమే పంపించేస్తారు. మొన్న మూల సీటు అమ్మాయిని అలాగే పంపారు, పాపం ఏడ్చుకుంటూ వెళ్ళింది.

ఫిర్యాదుకు జవాబు సాయంత్రం అయిదులోపు ఇవ్వాలి.

"ఏంటి పిన్నిగారూ, అలా అయిపోయారు?" అన్నాడు టీమ్ లీడరు కాఫీ కప్పుతో అటుగా పోతూ. పాతికేళ్ళవాడు, మంచివాడే, ఎప్పుడూ హడావిడిగా ఉంటాడు.

"ఒక కొట్టు బాబూ. కలిపి మూసేశారు, కానీ తెరిచే ఉందట."

వాడు వంగి చూశాడు, నలభై ఒకటి దాకా చూడలేదు. "దీనికింత ఆలోచనెందుకండీ? విడదీయకండి, పెద్ద తతంగం. కొత్త లిస్టింగు ఒకటి పెట్టేయండి. రెండు నిమిషాల పని. ఫిర్యాదు మూసేయొచ్చు."

"కొత్తది పెడితే పాత రివ్యూలు రావు కదా?"

"రావు. మళ్ళీ రాయించుకుంటాడు లెండి."

వాడు వెళ్ళిపోయాడు. దారి కళ్ళ ముందే ఉంది, తప్పు కూడా కాదు, నిబంధనల్లో ఉన్నదే. ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఆ రిపేరు కొట్టుకు రెండు వందల పన్నెండు రివ్యూలున్నాయి, తొమ్మిదేళ్ళవి. "మా అమ్మమ్మ మిషను బతికించారు" అని ఒకరు, "వద్దు, కొత్తది కొనుక్కోండి అని నిజం చెప్పారు" అని ఇంకొకరు. కొత్త లిస్టింగు పెడితే ఆ కొట్టు నిన్న పుట్టిన పసిగుడ్డు. ఆ పేటలో రిపేరు కొట్లు నలభై ఉన్నాయి, నలభై ఒకటోదై అడుక్కి పోతుంది. నెలాఖరుకి ఎంత దూరం? తొమ్మిది రోజులు.

పోనీ, పెట్టేద్దాం అనుకుంది. పెట్టలేదు. విడదీద్దాం అనుకుంది. అదీ చేయలేదు. మింగలేక కక్కలేక పన్నెండింటిదాకా వేరే కొట్లకు ఫోన్లు చేస్తూ కూర్చుంది. ఒక మంగలిషాపు ఆయన ఎత్తి "తెరిచే ఉన్నానమ్మా, ఎందుకు రోజూ అడుగుతారు, మూసెయ్యమంటారా ఏంటి?" అని కసిరితే ఆమె గబుక్కున పెట్టేసింది.

భోజనానికి ముప్పావుగంట ఇస్తారు. డబ్బా సంచిలోనే వదిలేసి ఆమె బస్సెక్కింది. పదకొండేళ్ళలో వేలకొద్దీ కొట్లు మూసింది, ఒక్కటి కూడా కళ్ళతో చూడలేదు. ఇవాళ ఎందుకు వెళ్తోందో తనకే సరిగా తెలియదు. బహుశా ఆ కొట్టు నిజంగానే మూసి ఉంటే బావుండునని ఒక మూల ఆశ. ఆ ఆశ పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బస్సులో ఉండగా ఆడపడుచు ఫోను చేసింది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. పెళ్ళి చేసుకోని ఆడపడుచూ తనూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి, గుమ్మం దాటలేదు, నోరు మాత్రం ఊరంతా తిరుగుతుంది.

"వదినా, తిన్నావా?"

"తింటున్నా."

"తింటున్నదానివి, నీ వెనకాల ఆ హారన్లేంటి? మీ ఆఫీసుకి చక్రాలొచ్చాయా?"

"బయటికొచ్చానులే. సాయంత్రం చెప్తా."

"ఏదో దాస్తున్నావు. మా అన్నయ్య దగ్గర కూడా ఇంతే నువ్వు, దాచడం రాదు నీకు. సరే, వచ్చేటప్పుడు నా మందులు మర్చిపోకు తల్లీ."

ఆమె ఫోను పెట్టేసింది. మందులు. ఇంటద్దె. యాభై నాలుగేళ్ళ వయసులో, వరసగా ఫోన్లు చేయడం తప్ప ఏమీ రాని మనిషికి ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? బస్సు ఎక్కడో ఆగినప్పుడల్లా దిగి వెనక్కి పోదామనిపించింది. ఏడో స్టాపులో దిగింది.

రెండు షట్టర్ల ఇల్లు. ముందు షట్టరు మూసి ఉంది. దాని మీద అమ్మకాల కొట్టు బోర్డు ఉంది కానీ, అక్షరాలు సగం గీకేశారు. పక్క సందులోకి తిరిగితే రెండోది బార్లా తెరిచి ఉంది. లోపల ట్యూబులైటు కింద పొట్టి స్టూలు మీద ఒక మేస్త్రీ ఒళ్ళో మిషను తల పెట్టుకుని పళ్ళచక్రాన్ని చిన్న బ్రష్షుతో తోముతున్నాడు. అరవై దాటి ఉంటాడు. గోళ్ళలో నూనె నల్లగా దిగిపోయింది. గోడకు సూదుల పొట్లాలు, తోలు బెల్టులు, డబ్బా నిండా బాబిన్లు. రిపేరుకు వచ్చిన మిషన్లు మాత్రం మూడే.

"రండమ్మా. ఏ మిషను?" అన్నాడు తలెత్తి.

"దారం... దారం తెగిపోతోందండీ," అంది.

"పైదా, కిందిదా?"

"పై... కిందిది."

"కాలిదా, కరెంటుదా?"

"మామూలుదే."

మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. "మీ ఇంట్లో ఇంకెవరో కుడతారనుకుంటా. కూర్చోండి. ఎవరు చెప్పారు నా కొట్టు గురించి?"

"ఎవరో చెప్పారు. తెరిచి ఉందో లేదో అనుకుంటూ వచ్చాను."

"అందరూ అదే మాట." ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. "ఫోన్లో నేను మూతపడిపోయానటమ్మా. మొన్న ఒకావిడ వచ్చి నన్ను చూసి జడుసుకుంది, మీరు పోయారట కదా అని. పోయింది మా అన్నయ్య తల్లీ, నేనింకా ఉన్నాను అన్నాను. ముందు కొట్టు ఆయనది. అమ్మడం ఆయన, బాగుచేయడం నేను. ఇద్దరికీ ఒకటే ఫోను, ఎందుకు రెండు అనేవాడు. ఆయన పోయాక ఆ ఫోను మా వదిన అలమరలో పదిహేను రోజులు అలాగే పడి ఉంది. ఎవరు చూస్తారు? ఇల్లంతా ఏడుపులాయె. తర్వాతే నేను తెచ్చుకున్నాను."

ఆ పదిహేను రోజుల్లోనే మూడు రోజులు తను గంట మోగించింది. అలమరలో, మడతపెట్టిన బట్టల మధ్య మోగి మోగి ఆగి ఉంటుంది.

"మరి మీకు కోపం రాలేదా?" అంది.

"ఎవరి మీదమ్మా? మా అమ్మాయికి వస్తుంది, రోజూ వాళ్ళకి ఏదో రాస్తుంటుంది. నేననేది, అది ఏదో యంత్రం చేసిన పనే అని. మనిషైతే ఒక్కసారి వచ్చి చూసేవాడు కదా." ఆయన మళ్ళీ మిషను తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఈ నెలతో సరి. ఇల్లుగలాయనకి చెప్పేశాను కూడా. మీ మిషను తెస్తే ఈలోపే తెండి."

నేనే, అనాలని నోటిదాకా వచ్చింది. రాలేదు. "తెస్తానండీ," అని లేచి వచ్చేసింది. సందు దాటాక కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆఫీసుకు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. టీమ్ లీడరు గడియారం వంక చూసి తన పనిలో పడ్డాడు. ఆమె కూర్చుని మళ్ళీ ఆ ఫిర్యాదు తెరిచింది. రెండు మీటలున్నాయి, "కొత్తది చేర్చు", "విడదీయి". నిదానంగా ఆలోచిద్దామనుకుంది. రెండున్నరకు మంచినీళ్ళు తాగి వచ్చింది. మూడుంపావుకు బాత్రూముకు వెళ్ళి అద్దంలో తన ముఖం చూసుకుని భయపడింది. తప్పు తనదే అయినా కావాలని చేసింది కాదు కదా? నిబంధన ప్రకారమే చేసింది. మూడు ఫోన్లు, మూడు రోజులు. ఎవర్నడిగినా సరేనంటారు. సరేననని మనిషి ఒక్కడు పొట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆయనకి సంగతే తెలియదు. అదే పెద్ద చిక్కు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి కొత్త లిస్టింగు పెట్టేసి హాయిగా ఉండేది.

నాలుగూ నలభైకి ఆమె "విడదీయి" నొక్కింది.

కారణం రాయమని ఒక గడి వచ్చింది. అందరూ అందులో "సమాచార లోపం" అని రాస్తారు. ఆమె టైపు చేసింది: "ఇవి రెండు కొట్లు. అన్న పోయాడు, తమ్ముడు ఉన్నాడు. కలిపింది నేనే, మూసింది నేనే. ఈ రోజు వెళ్ళి చూశాను. కొట్టు తెరిచే ఉంది."

పంపింది. తెర ఒక్క క్షణం తెల్లబడింది. రెండు వందల పన్నెండు రివ్యూలూ వరసగా తిరిగొచ్చి కూర్చున్నాయి. కుడివైపు పైన ఆమె మార్కులు తొంభై నాలుగు పాయింటు అయిదు రెండుకు దిగాయి, ఎర్రగా.

అయిదు నిమిషాల్లో టీమ్ లీడరు పరిగెత్తుకొచ్చాడు. వాడి ముఖంలో కోపం లేదు, బెంగే ఉంది.

"పిన్నిగారూ, ఏం పని ఇది? చెప్పాను కదా కొత్తది పెట్టేయమని! అది మీదేనని నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే నువ్వు వద్దనేవాడివి బాబూ. నేను వినేదాన్ని."

"పైనుంచి అప్పుడే వచ్చేసింది. నేనేం చేయలేను." వాడు నేల చూపులు చూశాడు. "మీ గుర్తింపు కార్డు ఇప్పుడే తీసుకోమన్నారు."

"నువ్వేం చేస్తావులే. ఇదిగో." మెడలోంచి కార్డు తీయబోతే కళ్ళజోళ్ళ గొలుసులకు చిక్కుకుంది. వాడే వంగి నెమ్మదిగా విప్పాడు. పక్క సీట్లలో కీబోర్డుల చప్పుడు ఆగింది. ఎవరో "పిన్నీ" అన్నారు. ఆమె చెయ్యి ఊపి, సంచి భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగింది. చూస్తే ఏడుపొచ్చేస్తుందని భయం.

బస్టాపులో నిలబడి తన ఫోనులో, ఊళ్ళో అందరూ వెతికినట్టే, "కుట్టుమిషన్ రిపేరు" అని వెతికింది. మొదట రెండు ప్రకటనలు. తర్వాత ఒకటి, రెండు, మూడు... ఆరోది అదే. "తెరిచి ఉంది. ఏడింటికి మూస్తారు." రెండు వందల పన్నెండు. ఆ నంబరు నొక్కింది. రెండో గంటకే ఎత్తారు.

"మధ్యాహ్నం వచ్చానండీ. దారం తెగేది."

"ఆఁ, చెప్పండమ్మా."

"మీ కొట్టు మూసింది యంత్రం కాదండీ. నేను. ఆ ఆఫీసులో పని నాదే. మీ అన్నయ్య పోయినప్పుడు మూడుసార్లు ఫోను చేసి, ఎవరూ ఎత్తకపోతే మూసేశాను. ఇప్పుడు సరిచేశాను. తప్పయిపోయింది."

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"మరి మధ్యాహ్నం చెప్పలేదేం?" అన్నాడు మేస్త్రీ.

"భయమేసిందండీ. ఉద్యోగం పోతుందని."

"పోయిందా?"

"పోయింది."

"నాలుగు నెలలమ్మా," అన్నాడు. "నాలుగు నెలలు ఈ గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాను. పోనీండి అని ఇప్పటికిప్పుడు అనలేను."

"అనొద్దండీ."

"కానీ వచ్చి చూశారు." ఆయన దగ్గాడు. "ఇల్లుగలాయనతో రేపు మాట్లాడతాను, ఇంకో రెండు నెలలు చూద్దామని. మీ మిషను పట్రండి, ఆ దారం సంగతి చూస్తా."

"నాకసలు మిషనే లేదండీ."

"అది నాకు మధ్యాహ్నమే తెలుసు," అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరు ముందు పెట్టేయాలో తెలియక కాస్త తటపటాయించి పెట్టేశారు. బస్సు వచ్చింది. మందుల చీటీ సంచిలో ఉందో లేదో తడుముకుని, ఆడపడుచుకు ఏం చెప్పాలా అనుకుంటూ ఆమె ఎక్కి కూర్చుంది.

పైన ఆఫీసులో అయిదున్నరకు లైట్లు ఒక్కో వరసా ఆర్పుతూ వచ్చిన టీమ్ లీడరు ప్రింటరు దగ్గర ఆగాడు. కుర్చీ వీపుకు ఆమె నీలం స్వెటరు తగిలించి ఉంది. మోచేతుల దగ్గర నూలు పలచబడి అవతలి గోడ కనిపిస్తోంది, ఏసీ గాలికి ఒక చెయ్యి కొద్దికొద్దిగా ఊగుతోంది.